మిగిలిపోయినవారి బంధువు ఫాదర్ పీర్

బెల్జియం దేశంలో మ్యూజ్ నది ఒడ్డున దినాన్ అనే చిన్న పట్టణం ఉన్నది. ఒక ప్రక్క నది, మరొక ప్రక్క నిట్టనిలువుగా లేచిన కొండ, ఆ రెంటి నడుమ ఇరుకుగా పేర్చినట్లున్న ఇళ్ళు. 1914 ఆగస్టు 23వ తేదీన జర్మను సైన్యం ఆ ఊరిలో 674 మంది పౌరులను చంపి, ఇళ్ళకు నిప్పు పెట్టింది. చనిపోయినవారిలో వృద్ధులున్నారు, స్త్రీలున్నారు, చంటిబిడ్డలు సైతం ఉన్నారు. ఆ ఊరిలోనే 1910 ఫిబ్రవరి 10వ తేదీన జన్మించిన జార్జి పీర్‌కు అప్పటికి నాలుగున్నర ఏళ్ళు. నలుగురు బిడ్డలలో అతడే పెద్దవాడు. తల్లిదండ్రులు కట్టుబట్టలతో పడవనెక్కి ఫ్రాన్సు దేశానికి పారిపోయారు. యుద్ధం ముగిసేదాకా నాలుగేళ్ళు ఆ కుటుంబం పరాయి దేశంలో తలదాచుకున్నది. 1918లో తిరిగి వచ్చి చూచుకుంటే సొంత ఇల్లు శిథిలాల కుప్పగా కనిపించింది.

కాందిశీకుడనే మాటకు అర్థం ఆ పిల్లవానికి పుస్తకం ద్వారా తెలియలేదు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. తరువాతి కాలంలో ఎందరో పండితులు, అధికారులు కాందిశీక సమస్యను గురించి నివేదికలు వ్రాశారు. వారిలో చాలామందికి అది ఒక సమస్య. పీర్‌కు అది తన బాల్యం.

పద్ధెనిమిదవ ఏట ఆయన హ్యూయి పట్టణంలో లా సార్త్ అనే చోటనున్న డొమినికన్ మఠంలో చేరాడు. సన్న్యాసాశ్రమంలో డొమినిక్ అనే పేరు ధరించాడు. రోములో వేదాంతశాస్త్రం చదివి, 1934లో గురుపట్టం పొంది, 1936లో డాక్టరు పట్టంతో తిరిగి వచ్చాడు. ఆపైన లూవాన్ విశ్వవిద్యాలయంలో ఏడాదిపాటు సాంఘికశాస్త్రాలు చదివాడు. మఠంలో ఆయనకప్పగించిన పని పాఠాలు చెప్పడం. ధర్మశాస్త్రం, సంఘశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా ఆయన జీవితమంతా ఆ కొండమీదనే ప్రశాంతంగా గడిచిపోయి ఉండవచ్చు. కాని పాఠంలో చెప్పినదానిని కొండ దిగి ఊరిలో చేసి చూపకపోతే తోచని స్వభావం ఆయనది. 1938లో పేద కుటుంబాలు ఒకరికొకరు తోడ్పడేటందుకు ఒక సేవాసంఘాన్నీ, బీదపిల్లలు ఆరుబయట గాలిలో కొన్ని వారాలు గడిపేటందుకు శిబిరాలనూ స్థాపించాడు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చి బెల్జియం మరల జర్మనుల పాలబడినప్పుడు ఆ శిబిరాలే ఆకలిగొన్న వేలాది పిల్లలకు అన్నసత్రాలైనవి. అదే కాలంలో ఆయన రహస్య ప్రతిఘటనోద్యమానికి గురువుగా, వార్తాహరుడుగా పనిచేశాడు. కూలిన విమానాలనుండి దిగిన మిత్రరాజ్యాల వైమానికులను దేశం దాటించడంలో సాయపడ్డాడు. యుద్ధానంతరం ప్రభుత్వం ఆయనకు పతకాలు ఇచ్చింది. ఆయన మళ్ళీ పాఠాలు చెప్పుకోసాగాడు.

ఇక్కడ కొంత వెనుకటి కథ చెప్పుకోవలసి ఉన్నది. 1945లో హిట్లరు పతనమయ్యేనాటికి జర్మనీ, ఆస్ట్రియాలలో లక్షలాది పరదేశీయులు చిక్కుకొని ఉన్నారు. కర్మాగారాలలో వెట్టిచాకిరీకి ఈడ్చుకొని వచ్చినవారు, కారాగార శిబిరాలనుండి ప్రాణాలతో బయటపడినవారు, ముందుకు వస్తున్న సైన్యాలకు భయపడి పారిపోయి వచ్చినవారు. కొద్ది నెలలలో అత్యధిక సంఖ్యాకులను స్వదేశాలకు చేర్చారు. కాని పోలండు, ఉక్రెయిను, ఎస్తోనియా, లాట్వియా, లిథువేనియా, యుగోస్లావియా మొదలైన దేశాలవారు సుమారు పది లక్షలమంది వెనుకకు పోవడానికి నిరాకరించారు. కొందరికి తమ దేశమే సోవియట్ రాజ్యంలో కలిసిపోయింది. కొందరికి పోతే చెర తప్పదనే భయం. స్థానభ్రష్టులనే అర్థంలో వీరందరినీ డి.పి.లు అని రెండక్షరాలతో పిలిచేవారు. పాత సైనికుల బారకాసులలో, కర్రపలకల కొట్టాలలో వీరి కాపురం. ఒక్కొక్క పెద్దగదిలో కుటుంబానికీ కుటుంబానికీ నడుమ గోడగా ఒక దుప్పటి వ్రేలాడేది.

1947లో ఏర్పడిన అంతర్జాతీయ కాందిశీక సంస్థ వీరికి క్రొత్త దేశాలు వెదకసాగింది. 1952 నాటికి పది లక్షలమందిని సముద్రాలు దాటించింది. ఇది సామాన్యమైన ఘనకార్యం కాదు. అమెరికా 1948లో చేసిన చట్టం ప్రకారం, వచ్చే కుటుంబానికి ఇల్లూ ఉద్యోగమూ చూపుతామని ఎవరైనా హామీ ఉండాలి. ఆ హామీలలో పెద్దభాగం చర్చి సంఘాలే ఇచ్చినవి. ముక్కూ మొగమూ తెలియని కుటుంబాన్ని ఓడరేవులో ఎదుర్కొని, ఇంటికి తీసుకొనిపోయి, పొయ్యి వెలిగించే తీరు చూపి, పిల్లలను బడిలో చేర్పించిన సామాన్య గృహస్థులు వేలకొలదిగా ఉన్నారు. వారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

అయితే ఆ ఏర్పాటులో ఒక లోపమున్నది. దేశాలన్నీ మనుష్యులను ఎంచి తీసుకున్నవి. ఆస్ట్రేలియాకూ, కెనడాకూ కావలసినది కండబలం గల యువకులు, పనిపాటలు నేర్చిన యువతులు. బెల్జియం బొగ్గుగనులకు మగవారిని తీసుకున్నది. ఊపిరితిత్తుల చిత్రం తీసినప్పుడు ఒక చిన్న మచ్చ కనిపిస్తే చాలు, క్షయ అని ఆ మనిషిని ప్రక్కకు నెట్టేవారు. ఆ మనిషిని విడిచిపోలేక కుటుంబమంతా ఆగిపోయేది. వృద్ధులను ఎవరూ కోరలేదు. చేయి పోయినవారిని, చూపు మందగించినవారిని, మతి చలించినవారిని, భర్త లేని పిల్లలతల్లిని ఎవరూ పిలువలేదు. ఇట్లా వడపోతలో లక్షకు పైగా జనం అడుగున మిగిలిపోయారు. అధికారుల పరిభాషలో వీరికి గట్టి గింజ వంటి మిగులు అని అర్థం వచ్చే ఒక పేరు కూడా పుట్టింది. ధాన్యం దంచినప్పుడు రోటిలో మిగిలే మెరిగలను గూర్చి చెప్పినట్లు మనుష్యులను గూర్చి చెప్పడం ఆ నివేదికలు వ్రాసినవారికి ఎబ్బెట్టుగా తోచలేదు కాబోలు.

1949 ఫిబ్రవరి 27వ తేదీన ఒక చిన్న గోష్ఠిలో ఎడ్వర్డ్ స్క్వాడ్రిల్ అనే యువకుడు, ఆస్ట్రియాలోని శిబిరాలలో పనిచేసి వచ్చిన అమెరికను, తాను చూచిన సంగతులు చెప్పాడు. విన్నవారిలో పీర్ ఒకడు. అటువంటి ఉపన్యాసాలు ఆ రోజులలో ఎన్నో జరిగేవి. శ్రోతలు నిట్టూర్చి ఇండ్లకు వెళ్ళేవారు. పీర్ మాత్రం తాను చేయగల పని ఏమిటని అడిగాడు. స్క్వాడ్రిల్ ఆయన చేతికి శిబిరవాసుల పేర్లు నలభై ఏడు ఇచ్చాడు. పీర్ తనకు తెలిసినవారిని పోగుచేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు పంచి, ఉత్తరం వ్రాయమన్నాడు. ఆయన ఉద్యమానికి పునాది ఆ నలభై ఏడు ఉత్తరాలే.

జవాబులు వచ్చినవి. చదివిన తరువాత ఆయన ఊరుకోలేక, ఆ వసంతంలోనే ఆస్ట్రియాకు ప్రయాణమై శిబిరాలు చుట్టి వచ్చాడు. చూచినదంతా ఒక పుస్తకంగా వ్రాశాడు. అరవై వేలమంది స్థానభ్రష్టులతో రైన్ నుండి డాన్యూబు వరకు సాగిన యాత్ర అని దానికి పేరు పెట్టాడు.

పోషకుల ఏర్పాటు అప్పుడే రూపుకట్టింది. బెల్జియంలోనో ఫ్రాన్సులోనో ఉన్న ఒక కుటుంబం శిబిరంలోని ఒక కుటుంబాన్ని తన బంధువర్గంలో చేర్చుకుంటుంది. నెలనెలా ఉత్తరం వ్రాస్తుంది. వీలైనప్పుడు బట్టలో, సబ్బులో, కాఫీగింజలో, కొద్దిపాటి పైకమో పంపుతుంది. ఈ ఏర్పాటులో పైకం ముఖ్యం కాదని పీర్ గట్టిగా నమ్మాడు. శిబిరంలో అన్నం పెట్టేవారున్నారు, మందు ఇచ్చేవారున్నారు. తన పేరు పెట్టి పిలిచేవారు, తన పిల్లవాని జ్వరం తగ్గిందా అని అడిగేవారు మాత్రం లేరు. అయిదారేళ్ళుగా సంఖ్యగా బ్రతికిన మనిషికి తన పేరు వ్రాసిన కవరు అందడం ఎట్టిదో తెలియాలంటే, దూరదేశపు ఉత్తరం కోసం తపాలా బంట్రోతు దారి చూచినవారిని అడగాలి. 1950 దశకం చివరకు ఇట్టి పోషకులు పలు దేశాలలో వేల సంఖ్యకు పెరిగారు.

ఇందులో కష్టమూ ఉన్నది. ఒక్కసారి చందా ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక. ప్రతినెలా కూర్చుండి ఉత్తరం వ్రాయడం తేలిక కాదు. మొదటి ఉత్తరంలో ఉన్న ఉత్సాహం పన్నెండవ ఉత్తరంలో ఉండదు. జాలి త్వరగా అలసిపోతుంది. అవతలివాడు కృతజ్ఞత చూపలేదని తోచవచ్చు, ఎంతకూ దుఃఖమే వ్రాస్తున్నాడని విసుగు కలుగవచ్చు. పీర్ సేవకులకు నేర్పిన విద్య ఈ విసుగును దాటడమే అని చెప్పవచ్చు.

మరొక విషయంలో ఆయన పట్టుదల ఇంకా గట్టిది. తాను కేథలిక్కు సన్న్యాసి. తనతో పనిచేసినవారిలో చాలామంది చర్చి భక్తులు. శిబిరాలలో ఉన్నవారు మాత్రం అన్ని మతశాఖలకు చెందినవారు. సాయం చేసేటప్పుడు ఎవరినీ వారి మతం ఏమిటని అడుగరాదనీ, సాయాన్ని మతప్రచారానికి సాధనం చేయరాదనీ ఆయన నియమం పెట్టాడు. ఆకలితో ఉన్నవాని నమ్మకాన్ని కొనడం ఆయన దృష్టిలో దొంగతనం వంటిది. సంస్థను చర్చికి అనుబంధంగా కాక స్వతంత్రంగా నిలిపాడు. సన్న్యాసి తెల్లని అంగీ మాత్రం విడువలేదు. తన విశ్వాసాన్ని దాచుకోవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు. ఎదుటివాని విశ్వాసాన్ని కదలించవలసిన అవసరమూ కనిపించలేదు.

ఉత్తరాల తరువాత ఇండ్లు. ముందుగా ఆయన దృష్టి వృద్ధుల మీద పడింది. వీరిని ఏ దేశమూ తీసుకోదు, శిబిరంలోనే కన్నుమూయవలసినదే. 1950 మొదలు బెల్జియంలో హ్యూయి, ఎస్నో, ఆర్ట్‌సెలార్, బ్రేన్-ల-కోంత్ అనే నాలుగుచోట్ల వృద్ధ కాందిశీకులకు గృహాలు ఏర్పరచాడు. పిమ్మట కుటుంబాల కొరకు ఐరోపా గ్రామాలనే ఆలోచన పుట్టింది. మొదటిది 1956లో జర్మనీలోని ఆఖెన్ నగరంలో వెలసింది. అదే ఏడు ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లో రెండవది, తరువాత ఆగ్స్‌బర్గ్‌లో, బ్రస్సెల్సు శివారులో, జార్ ప్రాంతపు స్పీసెన్‌లో, వుప్పర్టాల్‌లో, చివరకు ఆయిస్కిర్షెన్‌లో, మొత్తం ఏడు.

గ్రామమనగానే పొలాల నడుమ పల్లెను ఊహించుకోరాదు. ఒక్కొక్క దానిలో ఇరవై ఇండ్లు, సుమారు నూటయాభైమంది జనం. అంతకంటె పెంచకూడదని నిర్ణయం. కారణం ఆలోచింపదగినది. వేయిమందిని ఒకచోట చేర్చితే మరల శిబిరమే తయారవుతుంది. గోడలు ఇటుకవైనా లోపలి బ్రతుకు మారదు. ఒకే ఒక్క కుటుంబాన్ని పరాయి ఊరిలో విడిచిపెడితే పదేళ్ళు శిబిరంలో ఉండి వాడిపోయిన మనుష్యులు ఒంటరితనానికి తట్టుకోలేరు. కనుక ఇరుగుపొరుగు అనదగినంత మంది ఉండాలి, ఊరికి దూరంగా ఉండకూడదు. గ్రామాన్ని ఒక నగరం అంచున అంటుకట్టినట్లు నిలిపేవారు. పురుషులు నగరంలోని కర్మాగారాలకు పనికి పోవాలి. పిల్లలు స్థానికుల పిల్లలతో కలిసి ఆ బడిలోనే చదవాలి. స్త్రీలు ఆ అంగడిలోనే సరుకులు కొనాలి. చెట్టుకు అంటిన కొమ్మ కొంతకాలానికి ఆ చెట్టు రసంతోనే చిగురించినట్లు, ఒక తరంలో ఆ గ్రామం గ్రామంగా కనిపించకుండా నగరంలో కలిసిపోవాలన్నది లక్ష్యం.

ఇంటికి తలుపు, తలుపుకు తాళంచెవి. అదంతా మనకు స్వల్ప విషయం. దుప్పటి గోడల చాటున పెరిగిన పిల్లకు తల్లిదండ్రుల మాటలు ప్రక్క కుటుంబానికి వినిపించని గది ఉంటుందని తెలియదు. వంట తన ఇష్టప్రకారం వండుకోవచ్చునన్న సంగతి పదేళ్ళుగా వరుసలో నిలబడి సూపు పోయించుకున్న ఇల్లాలికి అలవాటు కావాలి. స్వేచ్ఛ కూడా అభ్యాసంతోనే వస్తుంది. అందుకే ఇల్లు చేతికిచ్చి వెళ్ళిపోక, పోషకుల బంధుత్వం ఆ తరువాత కూడా సాగాలని పీర్ కోరాడు.

1956 శరదృతువులో హంగేరీలో తిరుగుబాటు జరిగి, సుమారు రెండు లక్షలమంది సరిహద్దు దాటారు. ప్రపంచం చలించిపోయింది. దేశాలు పోటీపడి వారిని ఆహ్వానించినవి. కొద్ది నెలలలోనే అధిక సంఖ్యాకులు క్రొత్త ఇండ్లకు చేరారు. అది మంచిదే. కాని అదే ఆస్ట్రియాలో, అదే జర్మనీలో, పదకొండేళ్ళనుండి కొట్టాలలో ఉన్న పాత కాందిశీకులు ఆ రైళ్ళు వెళ్ళడం కిటికీలనుండి చూచారు. వార్తాపత్రికలకు పాతబడిన దుఃఖం పనికిరాదు. పీర్ చేసిన పని అంతా ఆ పాతబడిన దుఃఖంతోనే.

1958లో నోబెల్ శాంతి బహుమానం ఆయనకు ప్రకటించినప్పుడు చాలా దేశాలలో ఆ పేరు ఎవరికీ తెలియదు. 1922లో ఇదే బహుమానం కాందిశీకుల సేవకు పొందిన నాన్సెన్ అంతకుముందే ఉత్తరధ్రువ యాత్రికుడుగా లోకప్రసిద్ధుడు. పీర్ ఒక చిన్న పట్టణపు మఠంలో పంతులు. ఆ ఏడు డిసెంబరు 10వ తేదీన ఓస్లో నగరంలో బహుమానం అందుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిది.

అంకెలు చూచేవారికి ఒక సందేహం కలుగక మానదు. ఏడు గ్రామాలలో కలిసి వేయిమందికి మించి ఉండరు. లక్షకు పైగా మిగిలిన జనానికి ఇది ఏమూల? ఈ ప్రశ్న న్యాయమైనదే. శిబిరాలు మూతపడడానికి 1959-60లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యాన జరిగిన ప్రపంచ కాందిశీక సంవత్సరమూ, ప్రభుత్వాలు ఖర్చు పెట్టిన ధనమూ, పశ్చిమ జర్మనీ ఆర్థిక అభివృద్ధీ ఎక్కువ కారణాలు. పీర్ ఒక్కడే ఆ పని చేశాడనడం అతిశయోక్తి అవుతుంది. అయితే ఆ ప్రభుత్వాలకు మిగిలినవారు ఇంకా ఉన్నారని జ్ఞాపకం చేసినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నాడు. పనికిరారని త్రోసివేసిన మనుష్యులు ఇల్లు దొరికితే ఎట్లా బ్రతుకుతారో కంటికి కనిపించే రుజువుగా ఆ ఏడు గ్రామాలు నిలిచినవి.

ఆరవ గ్రామమైన వుప్పర్టాల్‌కు 1959లో ఆన్ ఫ్రాంక్ పేరు పెట్టాడు. జర్మనీలో పుట్టి, హాలండుకు పారిపోయి, అక్కడ మేడమీద దాగి, చివరకు 1945లో జర్మను శిబిరంలో పదిహేనవ ఏట మరణించిన యూదుబాలిక ఆమె. జర్మను గడ్డమీద, జర్మను ఇరుగుపొరుగు నడుమ, కాందిశీకుల వాడకు ఆమె పేరు పెట్టడానికి ధైర్యం కావాలి. జర్మను సైన్యం తగులబెట్టిన ఊరిలో పుట్టినవాడు తన మొదటి గ్రామాన్ని జర్మనీలో నిలపడానికి కూడా అటువంటి హృదయమే కావాలి.

తరువాతి దశలో ఆయన దృష్టి ఐరోపా దాటింది. 1960లో హ్యూయి సమీపాన ఒక శాంతికేంద్రాన్ని స్థాపించి దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టాడు. భిన్న దేశాలవారు, భిన్న మతాలవారు, నాస్తికులు సైతం అక్కడ చేరి ఒకరి మాట ఒకరు వినడం నేర్చుకోవాలని ఉద్దేశం. తరువాత అది శాంతి విశ్వవిద్యాలయమనే పేరు ధరించింది. అదే 1960లో ఆయన తూర్పు పాకిస్తాను వెళ్ళి అక్కడి పేదరికం చూచాడు. 1962లో చిట్టగాంగు ప్రాంతంలోని గోహిరాలో మొదటి శాంతిద్వీపం ప్రారంభమైనది. దీనికీ పాత పద్ధతే మూలం. నిపుణులు కొద్దిమంది వచ్చి గ్రామస్థులతో కలిసి వ్యవసాయం, వైద్యం, చదువు చక్కబరచి, అయిదారేళ్ళలో పని వారికే అప్పగించి వెళ్ళిపోవాలి. గోహిరాలో 1967లో అట్లాగే వెళ్ళిపోయారు. చేసిన మేలుకు గుర్తుగా అక్కడే పాతుకొని కూర్చుండడం ఆయనకు గిట్టలేదు.

రెండవ శాంతిద్వీపం కొరకు ఆయన మన దేశాన్ని ఎంచుకున్నాడు. తమిళనాడు దక్షిణభాగాన, పడమటి కనుమల పాదంలో, తిరునల్వేలి సీమలోని కలక్కాడు. ఆ పని పూర్తిగా సాగడం చూచే అవకాశం ఆయనకు దక్కలేదు. లూవాన్ నగరంలో శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆరోగ్యం క్షీణించి, 1969వ సంవత్సరంలో, యాభై తొమ్మిదవ పుట్టినరోజుకు పదకొండు రోజుల ముందు, ఆయన మరణించాడు. ఆ తేదీ జనవరి 30. ఆయన తన శాంతికేంద్రానికి ఎవరి పేరు పెట్టుకున్నాడో ఆ మహాత్ముని వర్ధంతి కూడా ఆనాడే.